తొడ వాటా

ఆ పొద్దున మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. వేటగాడు ఓబులేసు అడవిపంది తొడను మోదుగాకుల్లో చుట్టి నరసప్ప గడప ముందు నిలబడ్డాడు. పంది ఎవరి చేనులో పడితే తొడ వాళ్లకివ్వడం వేటగాళ్ల ఆనవాయితీ.

ఊరంతా ఇప్పుడు మిషన్లలో పెరిగిన మాంసమే తింటోంది. అందరూ పెట్టుకునే కొత్తరకం కళ్లద్దాల్లో ప్రాణం తీసినవాడు ఎర్రగా కనబడతాడు.

"ఎడంగా నిలబడప్పా, పిల్లోల్లు జడుసుకుంటారు," అన్నాడు నరసప్ప. లోపల మిషన్ కోడికూర ఉడుకుతోంది.

"నిన్న నన్ను పిలిచేటప్పుడు ఏ రంగులో కనపడితినన్నా?"

"శెనక్కాయ చేనికి పిలిస్తి గానీ, ఇంటికి పిలిస్తినా?"

ఓబులేసు తొడను వెనక్కి తెచ్చాడు. భార్య సుంకమ్మ దాన్ని వండింది.

సాయంత్రం ముగ్గురూ కూర్చున్నారు. బడిలో ఇచ్చిన కొత్త అద్దాలతో కూతురు నాయన వైపు ఒక్కసారి చూసి, కంచాన్ని తల్లి పక్కకు జరుపుకుంది. ముగ్గురూ ఆ కూరే తిన్నారు.