తల ఆరని లిల్లీ

పూలకుండీలన్నీ మాట్లాడడం నేర్చాక, వరాలమ్మగారి బాల్కనీలో కబుర్లకు కొదవ లేకుండా పోయింది. ఆ పొద్దున లిల్లీ కుండీ నసిగింది.

"అమ్మగారూ, నా ఆకుల మీద గోధుమరంగు మచ్చలొచ్చాయి. తెగులండీ. రోజూ సాయంత్రం నెత్తి మీంచి నీళ్లు పోస్తున్నారు, రాత్రంతా తడి ఆరడం లేదు. ఇలాగైతే మొగ్గ విచ్చదు."

ఆవిడ మనసు చివుక్కుమంది. "అయ్యో! పసిదానికి తలంటి, ఆరబెట్టకుండా వదిలేశానన్నమాట!"

మచ్చలున్న ఆకులు తుంచేశారు. నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోశారు. ఆపైన చంటిపిల్లకు వేసినట్టే సాంబ్రాణి పొగ వేశారు.

"నాకు మాటలు నేర్పినవాళ్లు ఈ వైద్యం నేర్పలేదండీ," అంది కుండీ కంగారుగా.

"కదలకుండా కూర్చో, కళ్లు మండుతాయి."

అప్పట్నుంచి రోజూ పొగ వేశారు. మొగ్గ విచ్చిన రోజున వరాలమ్మగారు సంబరంలో సాంబ్రాణి మరిచారు. కుండీ మెల్లగా అడిగింది.

"తెగులు పోయిందనుకోండి. అయినా... ఇవాళ పొగ వెయ్యరా?"