మోకాలి మీద మచ్చ

ఎయిర్‌పోర్టు డ్యూటీ దిగి కంపెనీ బస్సులో ఇంటికొచ్చిన వీరేందర్‌కు, భార్య సంతోషి కుడి మోకాలి లోపలివైపు కాలినచోట మందు రాసుకుంటూ కనిపించింది.

అలాంటి మచ్చ అతనికి తెలుసు. ఆరాంఘర్ ట్రాఫిక్‌లో తన టూరింగ్ బైకు ఇంజన్ వేడెక్కి, తన మోకాలినీ సరిగ్గా అక్కడే కాల్చింది. ఆ వేడిని సాకుగా చెప్పే ఆమెనెన్నడూ బండెక్కించుకోలేదు.

ఎదురింటాయనకూ అలాంటి బండే ఉంది. వీరేందర్ ఒళ్లు భగ్గుమంది.

"ఎవని ఎనుక కూసొని తిరిగినవ్? ఆ ఎదురింటోనితోనా?"

"ఎనుక కూసున్నోళ్లకు గక్కడ కాలదు," అంది సంతోషి తలెత్తకుండానే. "నడిపేటోళ్లకే కాలుతది. రావిర్యాల దాక పోయొచ్చిన."

వీరేందర్ వాకిట్లోకొచ్చి, పొద్దుటి నుంచి తాను ముట్టని తన బండి ఇంజన్ మీద చెయ్యి వేశాడు.

చురుక్కుమంది.