నాలుగో రోజు తిండి

మద్దిచెట్టు తొర్రలోని తేనెపట్టులో పొద్దున్నే రాణి చచ్చిపోయింది. పసి పురుగుల్లో ఒకదాన్ని వెంటనే కొత్త రాణిగా పెంచడం మొదలుపెట్టకపోతే, పట్టు మొత్తం ఖాళీ అయిపోతుంది. పురుగుల్ని సాకే బంగారి అనే ఈగ మాత్రం గదిగదికీ తల దూర్చి చూస్తూనే ఉంది.

"దేనికోసమే ఆ వెతుకులాట?" అంది ముసలి ఈగ గౌరక్క.

"రాణి కాబోయే పురుగు కోసం అక్కా. పుట్టుకలోనే ఏదో గుర్తుండాలి కదా. ఇవన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

"ఒక్కలాగే ఉంటాయి. ఏదో ఒకదానికి గది పెద్దది చేసి, మన నోట ఊరే పాలే చివరిదాకా పట్టు. రాణి అవుతుంది."

"మరి మిగతావి?"

"వాటికి మూడు రోజులే పాలు. నాలుగో రోజు నుంచి పుప్పొడి ముద్ద. అవి మనలా పనిచేసే ఈగలవుతాయి."

బంగారి గదిలోంచి తల బయటికి తీసింది. "అయితే నాకు..."

"నీకు ముద్ద పెట్టింది నేనే," అంది గౌరక్క, మైనం సర్దుకుంటూ.

బంగారి కళ్లెదుట ఉన్న పురుగునే ఎంచుకుంది. నాలుగో రోజు దానికి పాలు పట్టి, పుప్పొడి ముద్ద తీసుకుని పక్క గదికి వెళ్లింది. ఆ పురుగుదీ అదే తల్లి, పుట్టిందీ అదే పూట. అదీ అచ్చం అలాగే నోరు తెరిచింది.

ముద్ద పట్టుకుని బంగారి ఆ గది ముందే చాలాసేపు నిలబడిపోయింది.