బంతుల గదిలో వేషం

బడిపిల్లలకు ఆటలు నేర్పుతామని ముందుకొచ్చిన మాకు శిక్షణ ఇస్తున్నారు. అలిగి బంతుల గదిలో దాక్కున్న పిల్లాడి వేషం నాకిచ్చారు. (అలగడం నాకు కొత్త కాదని మా ఆవిడ అంటుంది లెండి.) బయటినుంచి బుజ్జగించే కోచ్ వేషం, మాతోపాటు శిక్షణకొచ్చిన టైలరుది.

“రా నాన్నా, ఇవాళ గోల్‌కీపర్‌వి నువ్వే!”

బయటికి రాబోయి తలుపు తోశాను. కదల్లేదు. లోపల ఊపిరాడడం లేదు.

“తలుపు రావట్లేదయ్యా! నిజంగానే!”

“అబ్బ, ఏం నటిస్తున్నారండీ తాతగారు!” అన్నాడు బయటినుంచి టైలరు.

అరిచినకొద్దీ చప్పట్లు పెరిగాయి. చివరికి నోరు మూసుకుని బంతుల మీద చతికిలబడ్డాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. “అరవడం మానేశారేం?” అని అడిగింది శిక్షకురాలు.

“నమ్మేవాళ్ళు లేకపోతే ఎందుకమ్మా?”

ఆమె అందరివైపూ తిరిగింది. “రేపు బడిలో నోరెత్తని పిల్లలు కనపడతారు. బుద్ధిమంతులని మురిసిపోకండి.”

తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది.