ఒక్క నిమిషం కూర్చో

ఫియొదోసియా రేవులో ఆ రాత్రి గాలి చిత్రశాల కిటికీలను పట్టి ఊపుతోంది. మునుగుతున్న ఓడ చిత్రం ఉన్న గదికి కపితోలినా కాపలా. చీకటి పడగానే తలుపు మూసి, దారం కట్టి, లక్కతో సీలు వేసింది. సీలు చెక్కుచెదరలేదు. లోపల మాత్రం నీటిబొట్లు పడుతున్న చప్పుడు.

“పైకప్పు కారుతోంది పిన్నీ,” అన్నాడు వాచ్‌మన్ ప్రోఖర్. “లేదంటే నీ బొమ్మలో సముద్రం కారుతోందేమో!”

సీలు తెంచి లైటు వేశారు. పైకప్పు పొడిగానే ఉంది. చిత్రంలో అలలు ఎప్పటిలాగే ఉన్నాయి. దాని కింద రెండు కుర్చీలు. కపితోలినా రోజూ కూర్చునేది పొడిగా ఉంది. పక్కది తడిసి ముద్దయి, అంచు నుంచి ఒక్కో బొట్టే నేల మీద పడుతోంది. ఆమె వేలితో అద్ది నాలుకకు తాకించుకుంది. ఉప్పు.

ఆ పొద్దున ఆమె కొడుకు రొదియోన్ చేపల ఓడ ఎక్కబోతూ చెప్పిపోదామని ఇక్కడికే వచ్చాడు. ప్రయాణమయ్యేవాడు ఒక్క నిమిషమైనా కూర్చుని లేవాలి కదా అని ఆమె ఆ కుర్చీయే చూపించింది.

“ఓడ ఆగదమ్మా! వచ్చాక కూర్చుంటాలే,” అని నవ్వుతూ, నిలబడే వెళ్ళిపోయాడు.

ప్రోఖర్ తుడుపుగుడ్డ తేవడానికి వెళ్ళాడు. కపితోలినా మెల్లగా తన కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీ కిర్రుమంది.

ఆమె అటు తిరగలేదు.

“ఇప్పుడా నాన్నా, నీకు తీరింది?”