అరుగు మీది మనిషి

నీలమ్మ చదువు గది దాకా వచ్చింది. గడప దాటకుండా అరుగు దగ్గరే ఆగింది.

"ఏందమ్మా, గంత పరేషాన్‌గున్నవ్?" అరుగు మీద కూర్చున్న కొత్త మనిషి అడిగాడు.

"ముసలోళ్ళకు సర్కారు పింఛన్ ఇస్తున్నదంట. నాకొస్తదా బిడ్డా?"

"ఎందుకు రాదు? జర కూసో, చెప్త."

లోపల కుర్చీలో ఉన్న లింగమూర్తికి కడుపు మండింది.

ఆ పింఛన్ సంగతి నిన్ననే తను గట్టిగా చదివి వినిపించాడు! గెజిట్‌లో ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క పొల్లుపోకుండా. అప్పుడు ఈ నీలమ్మే తల ఊపింది. ఇవాళ దారినపోయే దానయ్యను అడుగుతోందా?

ఇది డెబ్బై నాలుగు నాటి మాట. కొండాపూర్‌లో సర్కారు కాగితం వస్తే చదివి చెప్పే దిక్కు లేదని, మెట్రిక్ పాసైన లింగమూర్తి సాయిలు ఇంటి ముందుగది కిరాయికి తీసుకున్నాడు. గెజిట్లు, నోటీసులు తెప్పించి పెట్టాడు. చెప్పులు బయట విడవాలి. లోపల మాట్లాడకూడదు. తను చదివేటప్పుడు ఎవరూ మధ్యలో అడగకూడదు. పద్ధతంటే పద్ధతే!

కిరాయి కట్టక చాలా కాలమైంది. "వచ్చే నెల నుంచి గా గదిల గడ్డి నింపుకుంట" అని సాయిలు తెగేసి చెప్పాడు.

ఇక మిగిలింది ఒక్కటే ఆశ. సర్కారు సంగతులు జనానికి చేరవేసే గదులకు పట్నంలో ఓ ట్రస్టు గ్రాంటు ఇస్తోంది. లింగమూర్తి అర్జీ పెట్టాడు. "మా గది నిత్యము జనంతో కిటకిటలాడుచుండును" అని రాశాడు కూడా. ఇంకో ఊరివాళ్ళు కూడా అడిగారట. ఇద్దరిలో ఒక్కరికే ఇస్తారట. శుక్రవారం ట్రస్టు పెద్దమనిషి చూడటానికి వస్తున్నాడు.

తీరా చూస్తే కిటకిటలాడుతున్నది గది కాదు, అరుగు!

ఈ మనిషి ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో తెలియదు. పొద్దుటి బస్సుకు దిగుతాడు, సాయంత్రం బస్సుకు పోతాడు. మొదటి రోజు లోపల కూర్చుని బుద్ధిగా విన్నాడు. మర్నాటి నుంచి అరుగెక్కాడు. లింగమూర్తి చదివిన సంగతులే జనానికి విడమరిచి చెప్పేవాడు. అడిగిందే మళ్ళీ అడిగినా విసుక్కునేవాడు కాదు. మధ్యలో నవ్వులు కూడా!

ఆ నవ్వులు వినపడ్డప్పుడల్లా లింగమూర్తికి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది.

ఇంటికి పోతే అక్కడా అదే గొడవ.

"అరుగు మీదాయన మంచిగ చెప్తడంట గదా?" అంది భార్య భూలక్ష్మి, కంచంలో అన్నం పెడుతూ.

"నువ్వు గూడ మొదలుపెట్టినవా?"

"గంత కుళ్ళెందుకయ్యా? జనానికి తెలుసుడు ముఖ్యమా, నువ్వు చెప్పుడు ముఖ్యమా?"

లింగమూర్తి కంచం ముందు నుంచి లేచిపోయాడు.

గురువారం ఇక ఆగలేకపోయాడు. అందరూ చూస్తుండగానే అరుగు మీదికి దూకాడు.

"ఏ ఊరోడివి నువ్వు? గెజిట్లు నావి, గది నాది, కష్టం నాది. నడుమ నీ పెత్తనమేంది? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు!"

"గట్ల కాదు సార్..."

"గంత సోకుంటే నీ ఊర్ల గది పెట్టుకో పో! నా మందిని గుంజుకునుడేంది?"

ఆ మనిషి మొహం చిన్నబోయింది. కండువా దులుపుకుని లేచాడు.

"ఒక్క మాట సార్. ఈ గది పోతే ఏం చేస్తవ్?"

"ఏం చేస్త? గెజిట్లు కట్టగట్టి అటకెక్కిస్త. ఇంట్ల పండుకుంట. నీకేం ఫికర్?"

అతను సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నం బస్సే ఎక్కి వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకున్నాడు లింగమూర్తి. ఇప్పుడు చచ్చినట్టు లోపలికి వస్తారు, రాక ఎక్కడికి పోతారు?

ఎవరూ రాలేదు.

శుక్రవారం ట్రస్టు నుంచి యజ్ఞనారాయణగారు వచ్చేసరికి గదీ ఖాళీ, అరుగూ ఖాళీ. నీలమ్మ ఎదురుగానే నడుచుకుంటూ పోయింది గానీ ఇటు తల తిప్పలేదు.

"జనం ఏరండీ?" అన్నారాయన.

లింగమూర్తికి ఉన్నట్టుండి ఒక అనుమానం తగిలింది.

"సార్... ఒకాయన వచ్చి రోజూ అరుగు మీద కూసునేటోడు. గాయన మీ ట్రస్టు మనిషా?"

"మా వాళ్ళెవరూ రాలేదండి."

అమ్మయ్య! లింగమూర్తికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"గ్రాంటు మీకే ఇస్తున్నామండి. ఆ మాట చెబుదామనే వచ్చాను."

"నాకేనా! అంటే గా రెండో అర్జీ కంటే నాదే మంచిగున్నట్టు గదా సార్?" పట్టలేని సంతోషంతో అడిగేశాడు.

యజ్ఞనారాయణగారు కాసేపు ఖాళీ బెంచీల వైపు చూశారు.

"ఇద్దరు పోటీపడితే, ఒకరి గది ఇంకొకరిని చూసి రమ్మంటామండి. వెళ్ళినవాళ్ళు తామెవరో చెప్పకూడదని షరతు. ముందు ఆయన్ని పంపాం. తర్వాత మీ వంతు. ఆ అవసరం లేకుండా, నిన్న సాయంత్రం ఆయన తన అర్జీ వెనక్కి తీసేసుకున్నారు."

"ఎందుకు సార్?" లింగమూర్తి అడిగాడు.

"'నేను బస్టాండ్ల నిలవడైనా మా జనానికి చెప్పుకుంట, గది లేకుంటే ఆ సార్ చెప్పుడే బంద్ చేస్తడు, ఆయనకే ఇయ్యుండ్రి' అన్నారండి, మీ అరుగు మీద కూర్చుని వెళ్ళిన జీడిమెట్ల చదువు గది పెంటయ్య."