యాడికీ పోని మాటలు

చింతామణి టౌను ఆసుపత్రిలో కౌన్సెలింగ్ గది నుంచి చెన్నమ్మ బయటికి వచ్చినప్పుడల్లా మునికృష్ణప్ప మొదట ఆమె కళ్లే చూసేవాడు. వాచి ఉండేవి. లోపల భార్య ఏం చెప్పుకుందో మాత్రం తెలిసేది కాదు.

కొడుకు పునీత్ పోయి ఏడాది దాటింది. టమాటాలకు తెగులు మందు తెమ్మని వానలో బాగేపల్లికి పంపింది మునికృష్ణప్పే. మలుపులో బైకు జారింది. అప్పట్నుంచి ఆలుమగల మధ్య పొలం మాటలే తప్ప వేరే మాట లేదు. చెన్నమ్మకు నిద్ర కరువైంది. డాక్టరు చెప్పాడని వారం వారం పాతపాళ్య నుంచి బస్సులు మారి ఆమెను ఇక్కడికి తీసుకొస్తున్నాడు.

ఒకరోజు ఆమె మందుల వరుసలో నిలబడి ఉండగా ఆయన ఆ గదిలోకి వెళ్లాడు.

“మేడమ్, ఆయమ్మ నా మింద ఏమన్నా చెప్తాండాదా?”

కౌన్సెలర్ వినుత కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

“ఆయమ్మ చెప్పేది ఆయమ్మదప్పా. ఇంగొకరికి చెప్పేదానికి లేదు. మీకైనా సరే.”

ఆ మాటతో ఆయన భయం ఇంకా పెరిగింది. దాచాల్సిన మాట ఏదో ఉందన్నమాట. ‘నువ్వే చంపినావు’ అనేది కాక ఇంకేముంటుంది?

ఆ వారమే బాగేపల్లి మొబైల్ షాపులో ఆమె ఫోనుకు ఒక యాప్ వేయించాడు. కష్టం చెప్పుకుంటే విని బదులు చెప్పే ఏఐ అది. అదే ఖాతాను తన ఫోనులోనూ తెరిపించుకున్నాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

“బస్సుల్లో ఎంతని తిరుగుతావు. దీనికి చెప్పుకో. మనిషి కాదు, ఇంగొకరికి చెప్పదు.”

చెన్నమ్మ ఫోను అందుకుని ఆయన ముఖంలోకి చూసింది. “యాడికీ పోదా?”

“పోదు.”

“సరే” అంది.

మర్నాటి నుంచి నీళ్లు కట్టే వేళకు ఆయన మోటారు గది వెనక కూర్చుని ఆమె రాసింది చదివేవాడు. తెలుగు మాటలు, కన్నడ అక్షరాలు. ఇద్దరూ చదువుకున్నది కన్నడ బళ్లోనే. మొదట్లో అంతా నిద్ర గురించి, మోకాళ్ల గురించి. ఏఐ ఇచ్చే జవాబులు దాటేసేవాడు. తను భయపడే మాట కోసం వేలితో జరుపుతూ జరుపుతూ అలసిపోయేవాడు. మళ్లీ తెరిచేవాడు.

ఒకరోజు దొరికింది.

‘మందు తెమ్మని పంపింది ఆయప్పే. తప్పు ఆయప్పదని నేను ఒక్కనాడు కూడా అనుకోలేదు. వాన ఎవరి మాట వింటాది?’

మునికృష్ణప్ప ఆ మాటే మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. మడి నిండి నీళ్లు దారి మీదికి పారాయి.

ఇంకో రోజు ఇలా ఉంది. ‘ఆయప్ప బిడ్డ పేరే ఎత్తడు. ఆ పేరు ఆ నోట వినాలని ఉంటాది.’

ఆ సాయంత్రం ఆయన గొంతు సవరించుకుని, “పునీత్ ఉంటే ఈ పాటికి ట్రాక్టరు వాడే తోలుతాండె” అన్నాడు.

శనక్కాయలు ఒలుస్తున్న చెన్నమ్మ చేతులు ఆగాయి. ఏడ్చింది. ఎప్పటిలా ఆయన లేచి బయటికి పోలేదు.

దొంగతనంగా చదువుతున్నానని మనసు పీకుతూనే ఉంది. ఇదే ఆఖరు అనుకుంటూ మర్నాడు మధ్యాహ్నం మోటారు గది వెనక మళ్లీ ఫోను తెరిచాడు. చెన్నమ్మ అప్పుడే రాసిన మాట ఒక్కటి కనిపించింది.

‘చదివింది చాలు, లేచి ఇంటికి రా, సంగటి చల్లారిపోతాండాది.’